పలికే మీట, వినే మీట



ఇవాళ నేను మాట్లాడబోయేది వంట గురించీ కాదు, కుట్టుపని గురించీ కాదు. యుద్ధనౌకల్లో రేడియో పరికరాల మీద ఉండే స్విచ్చిల గురించి. మనకెందుకండీ ఆ గొడవ అనుకోకండి. 2019 నవంబరులోనూ, మళ్ళీ 2024 మార్చిలోనూ మన కాకినాడ తీరంలో భారత, అమెరికా దళాలు కలిసి 'టైగర్ ట్రయంఫ్' అనే పేరుతో విన్యాసాలు చేశాయి. యుద్ధం కోసం కాదు, తుఫానో ఉప్పెనో వచ్చినప్పుడు జనానికి సాయం ఎలా అందించాలో సాధన చేయడం కోసం.

పది ఓడలు కలిసి ఒక పని చేయాలంటే ఒక ఓడ చూసినది తక్కినవాటికి తెలియాలి కదా. నోటితో చెబుతూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకని రాడారులో కనబడిన దాన్ని అంకెలుగా మార్చి రేడియోలో పంపే పద్ధతి వచ్చింది. దాన్నే డేటా లింకు అంటారు. అమెరికా నౌకాదళం 1960ల నుంచి వాడిన 'లింకు 11' అందులో పేరు మోసినది. మన నౌకాదళానికి ఇటువంటి పరికరాలను భారత్ ఎలక్ట్రానిక్స్ వారు తయారుచేసి ఇస్తున్నారు.

లింకు 11 నడిచే తీరు బడిలో హాజరు పిలిచినట్టు ఉంటుంది. ప్రతి ఓడకూ ఒక అంకె. పెద్దరికం వహించిన ఓడ ఒక్కొక్క అంకెనే పిలుస్తుంది. పిలుపు అందుకున్న ఓడ తన దగ్గరున్న సమాచారమంతా చెప్పేసి ఊరుకుంటుంది. పలకకపోతే మరొక్కసారి పిలుస్తారు. అప్పటికీ బదులు లేకపోతే తరువాతి ఓడను పిలుస్తారు. అందరూ ఒక్కసారే మాట్లాడితే ఎవరి మాటా వినబడదు. మన పెళ్ళిళ్ళలో చూస్తూనే ఉన్నాం!

ఇక ఆ పరికరం ముందు కూర్చున్న మనిషి చేతికింద ఉండే స్విచ్చిలు చూడండి. ఒకటి వేగానిది. క్షణానికి 1364 బిట్లా, 2250 బిట్లా అని. అన్ని ఓడలూ ఒకే వేగం పెట్టుకోవాలి, లేకపోతే ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఇంకొకటి, నాకు చాలా నచ్చినది, మౌనం స్విచ్చి. దాన్ని ఆ స్థానానికి తిప్పితే ఓడ అన్నీ వింటుంది కాని పిలిచినా పలకదు. రేడియోలో నోరు విప్పిన ఓడ ఏ దిక్కున ఉందో శత్రువు పసికట్టగలడు. అందుకని ఆ ఏర్పాటు. అయితే పని పూర్తయ్యాక దాన్ని తిరిగి యథాస్థానానికి తిప్పడం మరిచిపోతే, ఆ ఓడలో ఉన్నవాళ్ళు అన్నీ వింటూ మనమూ అందరితో ఉన్నామనే అనుకుంటారు. పిలిచేవాళ్ళకు మాత్రం వాళ్ళు లేనట్టే లెక్క.

చేతి పొరపాటంటే చిన్న సంగతి కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికావారి బి-17 బాంబరు విమానాలు చక్కగా నేలకు దిగి, దిగాక బోర్లపడటం మొదలుపెట్టాయి. రెక్కల ఫలకాలను మడవాల్సిన పైలట్లు చక్రాలను మడిచేస్తున్నారు! 1943లో ఆల్ఫాన్స్ షాపానిస్ అనే మనస్తత్వవేత్త వెళ్ళి చూస్తే, ఆ రెండు స్విచ్చిలూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి. పైలట్లను తిట్టి లాభం లేదని ఆయన గ్రహించాడు. చక్రాల స్విచ్చికి చిన్న చక్రం, రెక్కల స్విచ్చికి రెక్కలాంటి ముక్క తగిలించారు. చీకట్లో తడిమినా తెలుస్తుంది. ఉప్పూ పంచదారా ఒకే రకం హార్లిక్సు సీసాల్లో పోసి, పాయసం చెడిపోతే కోడలిని అనే అత్తగార్లు ఈ కథ వినాలి.

ఇప్పుడు మన సముద్రం దగ్గరికి వద్దాం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుఫాను ఊడ్చిపారేసింది. వేటకు వెళ్ళినవాళ్ళు వందల సంఖ్యలో తిరిగి రాలేదు. అప్పట్లో పడవ మీద ఉంటే గింటే ఒక ట్రాన్సిస్టరు ఉండేది. అది వినడానికే గాని పలకడానికి కాదు. నడిసంద్రంలో ఉన్న మనిషి 'ఇక్కడున్నాను' అని చెప్పుకునే దారి లేదు.

తరువాత మన ఇస్రో వారు పడవల కోసం ఆపద సంకేతం పంపే పెట్టె ఒకటి తయారుచేశారు. 2010 నుంచీ వాడకంలో ఉంది. ఇరవై వేలకు పైగా పడవలకు ఇచ్చారు. నిప్పంటుకుందా, పడవ మునుగుతోందా, మనిషి నీళ్ళలో పడ్డాడా, వైద్యం కావాలా, ఏ ఆపదైతే ఆ బొత్తాం నొక్కాలి. పడవ ఎక్కడుందో ఆ పెట్టే చెప్పుకుంటుంది. కబురు ఉపగ్రహం మీదుగా బెంగుళూరు చేరి, అక్కడినుంచి కోస్టు గార్డు వారికి అందుతుంది.

దానికొక లోటు ఉండేది. నొక్కినవాడికి తన కబురు అందిందో లేదో తెలిసేది కాదు. వీధి గుమ్మంలో నిలబడి కాలింగ్ బెల్లు నొక్కితే లోపల మోగిందో లేదో వినబడకపోతే మనకెలా ఉంటుంది? మళ్ళీ నొక్కుతాం, తలుపు తడతాం, వెళ్ళిపోదామా అనుకుంటాం. మునుగుతున్న పడవలో వెళ్ళడానికి ఇంకో చోటేదీ? 2024 జనవరిలో వచ్చిన రెండో తరం పెట్టె ఈ లోటు తీర్చింది. 'అందింది' అని కబురు తిరిగి వస్తుంది. అంతేకాదు, తుఫాను వస్తోందంటే ఒడ్డునుంచి ముందుగానే హెచ్చరిక పంపవచ్చు. సెల్‌ఫోనుకు కలుపుకుంటే సొంత భాషలోనే చదువుకోవచ్చు.

నా అభిప్రాయం ఒకటి చెబుతాను. యుద్ధనౌకలో ఆ స్విచ్చిల ముందు కూర్చోబెట్టే మనిషికి ముందుగా తర్ఫీదు ఇస్తారు. పడవలో మాత్రం పెట్టె సంగతి సరంగు ఒక్కడికే తెలిస్తే చాలదు. నీళ్ళలో పడింది ఆ సరంగే అయితే? వలలాగే కుర్రాడికి కూడా ఏ బొత్తాం దేనికో చేతితో తడిమి చెప్పగలిగేలా నేర్పాలి. ఒడ్డున ఉండే ఇల్లాలికీ చూపించాలి. నొక్కిన కబురు ఎటు పోతుందో, ఎవరికి చేరుతుందో ఆవిడకు తెలిస్తే, పడవ రావడం ఆలస్యమైన రాత్రి ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ఉప్పాడ నుంచో, అంతర్వేది నుంచో వచ్చిన చేపలు గంపలో పెట్టుకుని మన వాకిట్లోకి వచ్చే ఆవిడతో మనం బేరం తప్ప ఇంకేం మాట్లాడం. రేపు వచ్చినప్పుడు కాసిని మంచినీళ్ళిచ్చి, మీ పడవలో ఆ పెట్టె ఉందా అమ్మా అని అడిగి చూడండి. సముద్రం సంగతులు ఆవిడకు తెలిసినన్ని మనకు తెలియవు. ఉంటే అది ఎలా ఉంటుందో, ఎవరు నొక్కుతారో ఆవిడే చెబుతుంది. లేకపోతే ఎందుకు లేదో కూడా చెబుతుంది.

సెలవు.