కలుపు మందు కొట్టిన స్ప్రేయరు



తిరువూరు పరిసరాల్లో ఒకే రైతుకు పల్లాన వరి, మెట్టన పత్తి ఉండటం కద్దు. వరిలో 2,4-డి కలుపు మందు కొట్టిన స్ప్రేయరుతోనే పత్తికి పురుగు మందు కొడతాడు. కొద్ది రోజుల్లో పత్తి లేతాకులు బెండాకుల్లా చీలి సన్నబడతాయి, మొగ్గ రాలుతుంది. "డబ్బా మూడుసార్లు కడిగానండీ!" అంటాడు. కడిగిన మాట నిజమే. కడిగింది మాత్రం వట్టి నీళ్లతో.

సంగతేమంటే, 2,4-డి ఒక ఆమ్లం. ఆమ్లంగా ఉంటే నీళ్లలో బహు కొద్దిగా కరుగుతుంది. అందుకే దాన్ని సోడియం లవణంగానో, అమైన్ లవణంగానో మార్చి అమ్ముతారు. లవణం బాగా కరుగుతుంది. కాని సబ్బు నురగ రాని బావినీళ్లలో సున్నం ఉంటుంది చూడండి, అది తగిలితే మందు మడ్డిగా పేరి రబ్బరు గొట్టంలో, నాజిల్‌లో దాక్కుంటుంది. పత్తికి ఆ కాస్తా చాలు.

దీనికి విరుగుడు చాకలి సోడా. అది క్షారం. ఆమ్లాన్ని మళ్లీ కరిగే లవణంగా మారుస్తుంది, సున్నాన్ని విడదీస్తుంది. ముందు డబ్బాను మంచినీళ్లతో తొలిచి, 10 లీటర్ల నీటికి 50 గ్రాముల సోడా కలిపి నింపండి. కొంత గొట్టంలోంచి, నాజిల్‌లోంచి కొట్టి, మిగతాది రాత్రంతా ఉంచండి. తెల్లవారి రెండు మూడుసార్లు కడగండి. కడిగిన నీళ్లు కాలవలో, చెరువులో పోయకండి.

అన్నిటికన్నా మేలు, కలుపు మందుకు వేరే స్ప్రేయరు. అరువు తెచ్చుకుంటే మాత్రం, "ఇందులో ఏ మందు కొట్టావు బాబాయ్?" అని ముందే అడగండి.