ఎండ కరెంటు – మీటరు లెక్క

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



మన కొండల్లో కరెంటు పుట్టడం కొత్త కాదు. 1955లోనే మాచ్‌ఖండ్ దగ్గర కొండ నీళ్లతో కరెంటు తీయడం మొదలైంది. ఆ ప్రాజెక్టు జలాశయంలో గిరిజనుల ఊళ్లు, పొలాలు మునిగిపోయాయి. కరెంటేమో తీగల మీద పట్నాలకు పోయింది. మన కొండల్లో ఎన్నో ఊళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కిరసనాయిలు బుడ్డితోనే గడిపాయి.

ఇప్పుడు మన ఇంటి పైకప్పు మీదే కరెంటు తీయవచ్చు అంటున్నారు. అది నిజమే. కాని ఈసారి లెక్క మనమే చూసుకోవాలి.

సోలార్ పలకల మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది. అది మన బల్బుకు, ఫ్యానుకు నేరుగా పనికిరాదు. గోడకు ఇన్వర్టర్ అనే పెట్టె బిగిస్తారు. ఆ పెట్టె దాన్ని ఇంట్లో వాడే కరెంటుగా మారుస్తుంది. ఇంట్లో వాడగా మిగిలింది మీటరు గుండా వీధి తీగలోకి పోతుంది. రాత్రి ఎండ ఉండదు కదా. అప్పుడు తీగలోంచి మన ఇంటికి వస్తుంది.

శుక్రవారం అరకు సంతలో మనం ఏం చేస్తాం? మిరియాలు, రాజ్మా అమ్ముతాం. ఉప్పు, నూనె కొంటాం. అమ్మిందెంత, కొన్నదెంత అని లెక్క కడతాం. ఇదీ అలాంటిదే. పాత మీటరు కొన్నదే చెబుతుంది. కొత్త మీటరు రెండూ చెబుతుంది. దాన్ని నెట్ మీటరు అంటారు. ఒక అంకె మనం తీసుకున్న యూనిట్లు. ఇంకో అంకె మనం ఇచ్చిన యూనిట్లు. ఒక నెలలో 90 తీసుకున్నాం, 60 ఇచ్చాం అనుకోండి. 30 యూనిట్లకే లెక్క. బిల్లులో వేరే చార్జీలు కొన్ని ఉంటాయి, అవి మాత్రం పోవు.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. పగలు పలకల కరెంటును ఇంట్లోనే వాడేస్తే అది ఈ మీటరు దాకా రాదు. అందుకే ఇచ్చిన అంకె తక్కువగా కనిపిస్తే కంగారు పడకండి.

సంతలో కాటా మీద కన్నేసి ఉంచుతాం. ఈ మీటరు మీద కూడా అలాగే కన్నుండాలి. మీకిప్పుడు అంకెలు వచ్చు. నెల మొదటి రోజున రెండు అంకెలూ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. బిల్లు వచ్చినప్పుడు పక్కన పెట్టి చూడండి.

ఎంత కరెంటు వస్తుంది? ఒక కిలోవాటు పలకలకు పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు చోటు కావాలి. మంచి ఎండ కాస్తే రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. మనకు చలికాలం పొద్దెక్కేదాకా మంచు. వానాకాలం మబ్బు. ఆ రోజుల్లో తగ్గుతుంది. గడ్డి కప్పు మీద వీటిని పెట్టలేం. శ్లాబు గాని, బలమైన కప్పు గాని కావాలి.

ఇప్పుడు అసలు మాట చెబుతాను. గాలివానకు చెట్టు పడి తీగ తెగింది. పైన ఎండ బాగా కాస్తోంది. మన ఇంట్లో ఫ్యాను తిరుగుతుందా? తిరగదు! తీగలో కరెంటు పోగానే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. ఎందుకు ఆగాలి? స్తంభం మీద లైన్‌మ్యాన్ పని చేస్తుంటాడు. మన ఇంటి కరెంటు తీగలోకి పోతే అతని ప్రాణం పోతుంది. అందుకే అలా తయారు చేశారు. కరెంటు పోయినప్పుడూ వెలుగు కావాలంటే బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టర్ ఉండాలి. ఖర్చు పెరుగుతుంది. అమ్మేవాళ్లలో కొందరు ఈ మాట చెప్పరు. మనలాంటి చోట ముందు అడగాల్సిందే ఇది.

ఇక డబ్బు సంగతి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం పెట్టింది. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు గాని అంతకు మించి గాని అయితే 78 వేల రూపాయల సబ్సిడీ. పలకలు పెట్టి, మీటరు బిగించాక ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టిస్తామని 2025లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది.

"మాకు బిల్లే రాదు, మరి మాకేటి లాభం?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం కదా. బిల్లు లేని ఇంటికి బిల్లు తగ్గడం వల్ల ఒరిగేది లేదు. లాభం ఉంటే ఇచ్చిన యూనిట్లలోనే ఉండాలి. ఆ యూనిట్ల డబ్బు ఎవరికి? యూనిట్‌కు ఎంత? పలకలు మనవా, కంపెనీవా? చెడిపోతే బాగుచేసేది ఎవరు? కొన్ని పద్ధతుల్లో కప్పు మనది, పలకలు వేరేవాళ్లవి. ఇవన్నీ ఒప్పంద కాగితంలో ఉంటాయి. చదవకుండా సంతకం పెట్టొద్దు. వేలిముద్ర అసలే వద్దు. అర్థం కాకపోతే కాగితం సంఘానికి తీసుకురండి, కూర్చుని చదువుదాం. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

ఇంకొకటి. దరఖాస్తు కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరునే పెట్టాలి. చాలా ఇళ్లలో అది చనిపోయిన మామగారి పేరునే ఉంది. ముందు ఆ పేరు మార్పించుకోవాలి. వచ్చే శుక్రవారం సంతకు వచ్చేటప్పుడు పాత కరెంటు బిల్లు ఒకటి తెచ్చుకోండి. సర్వీసు నెంబరు ఎక్కడుందో, ఎవరి పేరుందో మీరే చదివి చెబుదురుగాని.