బాతు తిన్న మర్నాడు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

'పారిశ్రామిక రంగంలో నా అనుభవాలు' చెప్పమన్నారు. వాటిలో ఒకటే చెప్తాను. అది బాతు సంగతి.

మేం చదువుకునే రోజుల్లో పోచారం అంటే పొలాలే. ఇన్ఫోసిస్ లేదు, టౌన్‌షిప్పులు లేవు. వరికోతలయ్యాక ఎక్కడి నుంచో బాతుల మందలు తోలుకొచ్చేవాళ్ళు. రాలిన గింజలు, నత్తలు ఏరుకు తిని మందలు ముందుకు పోయేవి. గుడ్లు కొనుక్కునేవాళ్ళం గానీ, మాంసం నీచు వాసనని మా ఇంట్లో పొయ్యి ఎక్కనిచ్చేవాళ్ళు కాదు.

చదువయ్యాక నాచారంలో పనిలో చేరాను. ఆవిరి ఒత్తిడిని తట్టుకునే పెద్ద ట్యాంకుల అతుకులు తనిఖీ చేయడం నా పని. 2009 చలికాలంలో ఆ పని మీదే బీజింగ్ శివార్లలోని ఒక కర్మాగారానికి పంపారు. నాలుగో రోజు ఎక్స్‌రే ఫిల్ములు చూస్తుంటే రెండు అతుకుల్లో లోహం సరిగా కలవలేదని కనబడింది. అప్పటికే సాయంత్రమైంది. రేపు మాట్లాడదామన్నారు వాళ్ళు. ఆ రాత్రే ఒక పెద్ద హోటల్లో మాకు విందు.

గుండ్రటి బల్ల. తలుపుకు ఎదురుగా ఉండే కుర్చీ ముఖ్య అతిథిది. అందులో నన్ను కూర్చోబెట్టారు. నాతో వచ్చిన మిత్రుడు శాకాహారి, పాపం కీరదోస ముక్కలు, తెల్లన్నంతో సరిపెట్టుకున్నాడు. మంచూరియా ఉందా అని అడిగితే వాళ్ళకు అర్థమే కాలేదు. మనం చైనీస్ అనుకుని తినేది వాళ్ళు చూసి ఉండరు.

తర్వాత బాతు వచ్చింది. వంటమనిషి బల్ల పక్కనే నిలబడి కోశాడు. వంద దాకా ముక్కలయ్యాయి, ప్రతి ముక్కకూ కాస్త చర్మం అంటుకునే ఉంది. పల్చటి రొట్టెలో తియ్యటి ముద్ద రాసి, ఉల్లికాడ, కీరా పెట్టి చుట్టుకుని తినాలి. చర్మం అప్పడంలా విరిగింది. నీచు వాసన ఏమైపోయిందో!

చేసే పద్ధతి అడిగాను. చర్మానికీ మాంసానికీ మధ్య గాలి ఊదుతారు. మరిగే నీళ్ళు పోసి చర్మం బిగిసేలా చేస్తారు. మాల్ట్ పాకం పూసి, గాలికి వేలాడదీసి బాగా ఆరబెడతారు. ఆరకపోతే చర్మం కరకరలాడదు. ఆ తర్వాత లోపల నీళ్ళు నింపి, పండ్ల చెట్ల కట్టెలు మండే పొయ్యిలో వేలాడదీస్తారు. బయట కాలుతుంది, లోపల ఆవిరికి ఉడుకుతుంది. ఒకే పక్షిలో రెండు వంటలు! సైన్సు సారు బోర్డు మీద గీసిన బాయిలర్ బొమ్మ గుర్తొచ్చింది నాకు. ఈ వేలాడదీసే పద్ధతికి పేరు తెచ్చింది చువాన్‌జుదె అనే హోటల్. కోళ్ళు, బాతులు అమ్ముకునే ఒకాయన 1864లో పెట్టాడు దాన్ని.

తింటున్నాను గానీ గొంతు దిగడం లేదు. ఎదురుగా వాళ్ళ చీఫ్ ఇంజనీరు, నాకంటే పెద్దాయన, మంచి ముక్కలు ఏరి నా పళ్ళెంలో వేస్తున్నాడు. రేపు పొద్దున ఆయన మనుషుల పనే బాగాలేదని చెప్పాలి. ఉప్పు తిన్న ఇంటిని తప్పుపట్టకూడదని పెరిగినవాళ్ళం కదా మనం. ఈ విందు అందుకోసమేనా అన్న అనుమానం కూడా వచ్చింది.

పొద్దున ఫిల్ములు వెలుగుపెట్టె మీద పెట్టి రెండు చోట్లా వేలు చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, చాలాసేపు చూశాడు. దుబాసీ ఏదో సర్దిచెప్పబోతే చేత్తో ఆపి, అతుకు గ్రైండ్ చేసి మళ్ళీ వెయ్యమన్నాడు. రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం క్యాంటీన్లో తన పక్కనే కూర్చోబెట్టుకుని నూడుల్స్ పెట్టించాడు. డిజైన్ ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి అరగంట ఉంచాం. చుక్క కారలేదు.

తర్వాతెప్పుడో చదివాను. 1971 జులైలో కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్ళినప్పుడు, చౌ ఎన్‌లై అమెరికాను గట్టిగా తప్పుపట్టి, బాతు చల్లారిపోతుంది, ముందు భోజనం చేద్దామన్నాడట. తిన్నాక మళ్ళీ చర్చకు కూర్చున్నారు. ఆ బల్ల దగ్గర అన్నం వేరు, లెక్క వేరు. నేను ఊరికే భయపెట్టుకున్నాను గానీ, మా చీఫ్ ఇంజనీరుకు ఆ తేడా ముందే తెలుసు.

హైదరాబాద్‌లో ఇది దొరుకుతుందా అని మా వాళ్ళు పొద్దుటి నుంచి అడుగుతున్నారు. పెద్ద హోటళ్ళ చైనీస్ రెస్టారెంట్లలో అడిగి చూడండి. ముందురోజే ఫోన్ చేయండి, ఆరబెట్టడానికి టైం కావాలి కదా. ఒక్కరే పోతే లాభం లేదు, నలుగురైదుగురు పోండి. మాంసం అయిపోయిందని లేవకండి, ఎముకలతో సూప్ కాచి ఇమ్మని అడగండి.