కమాను తిరిగే చోటు
(ద్వారం వెంకటస్వామి నాయుడుగారి స్మారకోపన్యాసం)



నేను విద్వాంసుణ్ణి కాను. చిన్నప్పుడు నాలుగేళ్లు ఫిడేలు నేర్చుకున్నాను. ఆ తరవాత జీవితమంతా వింటూనే ఉన్నాను. మంచి కచేరీ విని బయటికి వస్తూ మనం తరచు అనే మాట ఒకటుంది: "ఎంత అలవోకగా వాయించాడండీ!" ఆ అలవోకతనం దేనితో తయారవుతుందో, ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమాను ఆధారంగా ఈ సాయంత్రం ఆలోచిద్దాం.

ఆయన 1893లో బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. తొలి పాఠాలు అన్నగారి దగ్గర నేర్చుకున్నారు. చిన్ననాటి నుంచీ చూపు మందం. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల మొదలైంది. అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లిన ఆయనను అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెబుతారు. 1936లో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964లో కన్నుమూశారు. ఫిడేలు పక్కవాద్యంగానే ఎక్కువగా వినిపించే కాలంలో ఆయన దాన్ని వేదిక మధ్యలో కూర్చోబెట్టి, ఒంటరిగా కచేరీ నిలబెట్టగలదని చూపించారు.

ఆ కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. కాళ్లకు గజ్జెలు కట్టి, చేతులతో, కాళ్లతో, శిరస్సుతో వేర్వేరు తాళాలను ఒకేసారి నడిపించిన లయబ్రహ్మ ఆయన. ఆ విద్యలోని కష్టం చూసేవాళ్ల కళ్లకు కడుతుంది. అదే కప్పు కింద నాయుడుగారు ఫిడేలు పాఠం చెప్పేవారు. ఆయన విద్యలోని కష్టం పైకి కనిపించదు. మొదటిదాన్ని చూసి నోరు తెరుస్తాం, రెండోదాన్ని వింటూ కళ్లు మూసుకుంటాం. రెండూ ఆశ్చర్యాలే. నేను మాట్లాడదలచుకున్నది రెండోదాని గురించి.

ఫిడేలు మీద ఒక్క షడ్జం తీసుకోండి. గమకం లేదు, సంగతి లేదు, తాళం లేదు. కమాను మొదటి నుంచి కొస దాకా నిదానంగా లాగాలి, అంతే. మొదట్లో చెయ్యి బరువంతా తీగ మీద పడుతుంది, నాదం కీచుమంటుంది. అందుకని చిటికెన వేలు కమాను బరువును కొంత మోయాలి. కొస దగ్గరికి వెళ్లేకొద్దీ బరువు తగ్గి నాదం పలచబడుతుంది. అప్పుడు చూపుడు వేలు మెల్లగా ఆ లోటు పూడ్చాలి. ఇక అసలు పరీక్ష కమాను వెనక్కి తిరిగే చోట వస్తుంది. అక్కడ చెయ్యి ఒక్క క్షణం తడబడినా నాదం తెగుతుంది. అందుకే ముందుగా మణికట్టు తిరగాలి, మోచెయ్యి దాని వెనక రావాలి. ఇంత జరిగితే వినేవాడికి చేరేది ఒకే ఒక్క అఖండమైన "స".

మా గురువుగారు నాకు తొలి మూడు నెలలు ఈ ఒక్క పనే చెప్పారు. ఎడమ చేతి వేళ్లు తీగ మీద పెట్టనివ్వలేదు. సరళీ స్వరాలు ఎప్పుడని అడిగితే, "కమాను ఎక్కడ తిరిగిందో నాకు తెలియని రోజున" అన్నారు. తరవాత కొన్నేళ్లకు నాయుడుగారి గ్రామఫోన్ రికార్డు విన్నాను. ఆ కమాను ఎక్కడ తిరిగిందో పట్టుకోవాలని చెవి పెట్టి కూర్చున్నాను. రెండోసారి, మూడోసారి పెట్టుకుని విన్నాను. దొరకలేదు. గురువుగారు ఆ మూడు నెలలూ నా చేతికి ఏమి ఇవ్వబోయారో ఆ రోజు తెలిసింది.

ఎడమ చేతి సంగతీ ఇంతే. వీణకున్నట్టు ఫిడేలుకు మెట్లు లేవు. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపు ఎంత దూరం వెళ్లాలో, ఎక్కడి నుంచి వెనక్కి రావాలో కంటికి చూపించే గీత ఏదీ లేదు. వేలికి తెలియాలి, చెవి ఒప్పుకోవాలి. మనవాళ్లు కింద కూర్చుని, ఫిడేలు తలను కుడి చీలమండ మీద, రెండో వైపును ఛాతీకి ఆనించి వాయిస్తారు. వాద్యాన్ని మోసే పని చేతికి ఉండదు కనక అది తీగ వెంట స్వేచ్ఛగా జారుతుంది. కళాకారుడి సౌఖ్యం ఇలాంటి చిన్న ఏర్పాటుతోనే మొదలవుతుంది. అక్కర్లేని బరువు ఒక్కొక్కటే దించుకుంటూ పోవడమే సాధన. అన్నీ దిగిపోయాక మిగిలినదాన్ని మనం అలవోక అంటున్నాం.

అందుకే గొప్ప కళాకారుణ్ణి చూసి "అది పుట్టుకతో వచ్చిన వరం" అనడం నాకు బాధగా ఉంటుంది. మెచ్చుకోలుగానే అంటాం, నిజమే. కాని ఆ మాటతో ఆయన తెల్లవారుజాములన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. నాయుడుగారు పాశ్చాత్య విద్వాంసుల కమాను పద్ధతిని కూడా శ్రద్ధగా గమనించి, మన సంగీతానికి పనికొచ్చేది తీసుకున్నారు. 1952లో పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు నాయుడుగారి వాద్యం విని ముగ్ధుడయ్యాడు. చేతిలో కమాను ఉన్నవాడికి ఎదుటి చేతి కష్టం తెలుస్తుంది.

మనకు కమాను లేకపోయినా చెవి ఉంది. ఈసారి ఫిడేలు కచేరీకి వెళ్లినప్పుడు వేగంగా పరుగెత్తే స్వరకల్పన దగ్గరే కాకుండా, ఆలాపనలో ఒక దీర్ఘ స్వరం దగ్గర కూడా ఆగండి. కమాను ఎక్కడ తిరిగిందో వెతకండి. దొరక్కపోతే అప్పుడు తల ఊపండి. ఇంట్లో పిల్లవాడో పిల్లో పక్క గదిలో గంటసేపు ఒకే షడ్జం లాగుతుంటే, దయచేసి తలుపు వేయకండి.