చెమటకు కరువు లేని సీమలో



ఒక డ్రిల్లు సారు జ్ఞాపకార్థం జరుగుతున్న ఈ ఉపన్యాసంలో ఆటకు కావలసిన కష్టం గురించి, మనస్తత్వం గురించి మాట్లాడమన్నారు. ఆదోనిలో నిలబడి పిల్లలకు "కష్టపడండి" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పత్తి తీసే చేతులు, మగ్గం గుంటలో ఆడే కాళ్లు, సుగ్గికి, అంటే వలస కూలికి, మూట కట్టుకునే కుటుంబాలు ఉన్న సీమ ఇది. ఇక్కడి కష్టం ఆటగా ఎప్పుడు మారుతుంది, ఎక్కడ తెగిపోతుంది అన్నదే నేను చెప్పదలచుకున్నది.

కేశవరాజుగారి అంజలి శర్వాణి 1997లో ఈ ఊళ్లోనే పుట్టింది. ఎడమచేతి పేసర్. ఆంధ్రకు, రైల్వేస్‌కు ఆడి, 2022 డిసెంబరు 9న డీవై పాటిల్ స్టేడియంలో ఆస్ట్రేలియాపై తొలి అంతర్జాతీయ టీ20 ఆడింది. 2023 ఫిబ్రవరిలో మొదటి మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) వేలంలో యూపీ వారియర్జ్ ఆమెను 55 లక్షలకు తీసుకుంది. చాలామందికి ఆ 55 లక్షలే గుర్తు. నాకు మాత్రం ఆ డిసెంబరు మ్యాచ్‌లు గుర్తు. మొదటిదాంట్లో ఆస్ట్రేలియా ఒక్క వికెట్టే పోగొట్టుకుని 173 కొట్టింది. రెండోదాంట్లో 187, అదీ ఒక్క వికెట్టుకే. రెండు మ్యాచ్‌ల్లో మన బౌలర్లందరికీ కలిపి దక్కినవి రెండు వికెట్లు!

అలాంటి రోజున బౌలర్ ఏం చెయ్యాలి? కొత్త బంతి కుట్టుకు అటూ ఇటూ రెండు వేళ్లు ఆనాలి, మణికట్టు బంతి వెనకే నిలవాలి. అప్పుడే ఎడమచేతి బౌలర్ బంతి కుడిచేతి బ్యాటర్ లోపలికి దూసుకొస్తుంది. మణికట్టు కాస్త ఒరిగినా బంతి తిన్నగా పోయి బ్యాటుకు దొరుకుతుంది. ఫోర్ కొట్టించుకున్న కోపంలో ఇంకా గట్టిగా విసరబోతే ముందు చెడేది ఆ మణికట్టే. రన్నప్ మొదటికి నడిచి వెళ్లే అర నిమిషంలో కోపం దించుకుని, మళ్లీ అదే బంతి వెయ్యగలగాలి. మనస్తత్వం అని నేననేది దీన్నే.

2023లోనే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల జట్టులో చోటు దక్కినా, గాయంతో అంజలి తప్పుకోవలసి వచ్చింది. అక్కడ మన అమ్మాయిలు స్వర్ణం గెలిచారు. పేసర్ ముందుకాలు నేల తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు ఎన్నో రెట్లు ఆ కాలి మీద పడుతుంది. కోచ్‌లకు నా విన్నపం ఒక్కటే: నొప్పి దాచుకుని ఆడే పిల్లను మెచ్చుకోకండి. విశ్రాంతి కూడా సాధనే.

ఇక మన చుట్టుపక్కల కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు చూడండి. ఇక్కడి పనులు అయిపోగానే గుంటూరు మిరప చేలకో, బెంగళూరు కట్టడాలకో ఊళ్లు ఊళ్లే సుగ్గికి కదులుతాయి. బడిపిల్లలూ వెంట పోతారు. ఆగస్టులో స్కూల్ గేమ్స్‌లో అందరికంటే ముందు పరుగెత్తిన పిల్ల జనవరిలో మిరపకాయలు కోస్తుంటుంది. మూడు నెలలు తెగిన సాధన మళ్లీ మొదటికొస్తుంది. ఆ పిల్లకు పట్టుదల లేదనడం అన్యాయం.

1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టకముందు నేతగాళ్లు కష్టపడలేదా? రాత్రింబవళ్లు నేశారు. నూలు ఇచ్చే చెయ్యి, బట్ట కొనే చెయ్యి ఒక సంఘంగా నిలబడ్డాకే ఆ కష్టానికి విలువ వచ్చింది. ఆటకూ అలాంటి సంఘం కావాలి.

పత్తి వ్యాపారులు, మిల్లుల యజమానులు, చేనేత పెద్దలు ఈ సభలో ఉన్నారు. సుగ్గి కాలంలో పెద్దల వెంట పోకుండా పిల్లలు ఉండే ప్రతి సీజనల్ హాస్టల్ దగ్గరా సాయంత్రం ఒక కోచ్, ఒక చదునైన గ్రౌండు, పిల్లకు రెండు గుడ్లు ఉండేలా చూడండి. కర్నూలులో సెలక్షన్స్ ఉన్న రోజున బస్సు చార్జీ ఇవ్వండి. ఆడపిల్లకు తోడుగా తల్లి కూడా వెళ్తుంది, ఆమె చార్జీ, ఆమె పోగొట్టుకునే ఆ రోజు కూలీ కూడా లెక్కలో వెయ్యండి.