రిజిస్టరులో బిడ్డ, పళ్ళెం ముందు బిడ్డ

(పూతలపట్టులో జరిగిన మన సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ ఈ సభలో పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులు ఇస్తాము. జకాత్ వసూలు లెక్క, పేదింటి నికాహ్‌లకు చేసిన సాయం లెక్క చదివి వినిపిస్తాము. మంచిదే, అది సాగవలసిందే. ఈసారి కార్యవర్గం మాకు అప్పగించిన విషయం మాత్రం పదో తరగతి పిల్లవాడి గురించి కాదు. ఇంకా మాటలు సరిగా రాని పసిబిడ్డ గురించి. ఆ బిడ్డకు మన పంచాయతీ పరిధిలో సర్కారు తరఫున అందవలసినవి అందుతున్నాయా లేదా అని చూచుకోవడం ఎవరి పని? ఎట్లా చూడాలి? ఇదీ నేటి ప్రశ్న.

ముందుగా మన పెద్దల నోట విన్న ఒక సంగతి జ్ఞాపకం చేస్తాము. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో బైతుల్ మాల్ నుంచి పిల్లలకు భత్యం ఇచ్చేవారు. పాలు మానిన బిడ్డకే భత్యం అని నియమం. ఒక రాత్రి మదీనా శివార్లలో వర్తకుల బిడారు దిగింది. ఖలీఫా స్వయంగా కాపలా తిరుగుతుండగా ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, రాత్రి పొడుగునా. తల్లిని మందలించగా, ఆయన ఎవరో ఎరుగని ఆ తల్లి ఉన్నమాట చెప్పేసింది. భత్యం కోసం బిడ్డ చేత గడువుకు ముందే పాలు మాన్పిస్తున్నదట. ఆ తెల్లవారుజామున ఫజ్ర్ నమాజులో ఆయన ఏడుపు వల్ల ఖిరాత్ జనానికి సరిగా వినపడలేదని చరిత్రకారులు వ్రాశారు. నమాజు కాగానే నియమం మార్చి, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం అని చాటింపు వేయించారు.

ఇందులో గమనించవలసినది ఏమిటి? లెక్కల పుస్తకంలో ఏ మచ్చా లేదు. భత్యం సక్రమంగానే పంచుతున్నారు. లోపం పుస్తకంలో కనబడలేదు, బిడ్డ ఏడుపులో వినబడింది. ఆయన తల్లిని దండించలేదు, గుమాస్తాను దండించలేదు. నియమాన్ని సరిదిద్దారు. పర్యవేక్షణ అనే పెద్ద మాటకు ఇంతకంటే మంచి అర్థం మాకు తెలియదు.

ఇది పాతకాలపు మాట అని ఎవరూ అనుకోవద్దు. ఇంగ్లండులో పిల్లల సంరక్షణ చూచే బాధ్యత స్థానిక కౌన్సిళ్ళది. అక్కడ 2000లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ళ పాప, సాకుతున్న వారి చేతిలోనే హింసకు గురై చనిపోయింది. లార్డ్ లామింగ్ విచారణ జరిపి 2003లో నివేదిక ఇచ్చారు. ఆ పాపను కాపాడగలిగిన అవకాశాలు కనీసం 12 చేజారినాయని అందులో తేల్చారు. ఆఫీసులున్నాయి, ఆసుపత్రులున్నాయి, ఫైళ్ళున్నాయి. బిడ్డ ముఖం చూచి నాలుగు మాటలు అడిగినవారు లేకపోయారు. అంత సంపన్న దేశంలోనూ కాగితం వేరు, బిడ్డ వేరు అయింది. ఇక మన సంగతికి వద్దాము.

మన దేశంలో ఆరేండ్ల లోపు పిల్లల కోసం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అనగా ఐ.సి.డి.ఎస్., 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలయింది. ఈనాడు ఒక్క మన రాష్ట్రంలోనే 55 వేల పైచిలుకు అంగన్‌వాడీ కేంద్రాలున్నవి. అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు ఇచ్చే చోటు అని మనలో చాలామంది అనుకుంటారు. అక్కడ అందవలసిన సేవలు ఆరు: పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆహార ఆరోగ్య విషయాలు చెప్పడం, మూడేండ్లు దాటిన బిడ్డకు ఆటపాటలతో చదువు. ఆరింటిలో ఒక్కదాన్ని చూచి మిగతా అయిదింటిని వదిలేస్తే చూచినట్లు కాదు.

ఇది దయాదాక్షిణ్యాల మీద నడిచే పని కూడా కాదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నుంచి వరుసగా ఉత్తర్వులు ఇచ్చింది. 2006 డిసెంబరు 13 నాటి ఉత్తర్వులో, ఆరేండ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి కేంద్రం లేని పల్లె లేదా బస్తీ అడిగితే, అడిగిన మూడు నెలల లోపల అంగన్‌వాడీ ఇవ్వాలని చెప్పింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం పసిబిడ్డకూ, గర్భిణికీ, బాలింతకూ ఆహారాన్ని హక్కుగా చేసింది. ఇక మనకు సంబంధించిన మరొక మాట. 2006లో కేంద్రం ప్రకటించిన అల్పసంఖ్యాకుల 15 సూత్రాల కార్యక్రమంలో మొట్టమొదటి సూత్రమే ఐ.సి.డి.ఎస్. సేవలు మనవంటి వారికి సమంగా అందడం. స్కాలర్‌షిప్పులు, రుణాలు దాని తరువాతనే వచ్చినవి. పసిబిడ్డను ముందు పెట్టడంలో ఎంత ఆలోచన ఉందో చూడండి.

సరే, చూడవలసింది ఎవరు? 1993లో అమలుకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలు చెప్పింది. అందులో 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో సహా విద్య, 23వది ఆరోగ్యం పారిశుద్ధ్యం, 25వది స్త్రీ శిశు సంక్షేమం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 9వ సెక్షను ప్రకారం తన పరిధిలో 14 ఏండ్ల లోపు పిల్లల రికార్డు ఉంచవలసిందీ, బడి పనితీరు చూడవలసిందీ స్థానిక సంస్థనే. ఆహార భద్రతా చట్టం 28వ సెక్షను సామాజిక తనిఖీ జరిపించే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. కేంద్రం 2011 మార్చి 31న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి అంగన్‌వాడీకి ఒక పర్యవేక్షణ, సహాయక కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షత వార్డు మెంబరుది, వీలైనంతవరకు మహిళా మెంబరుది. తల్లులకూ అందులో చోటుంది.

అంటే కుర్చీ వేసే ఉంది. వెళ్ళి కూర్చోవడమే తరువాయి. పాలకవర్గం లేని కాలంలో ప్రత్యేకాధికారిని అడగాలి. గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలని 1994 పంచాయతీరాజ్ చట్టం చెబుతున్నది. రోడ్డు, దీపం, కుళాయి గురించి అడిగే గొంతులు ఆ సభలో వినబడతాయి. ఎంతమంది బిడ్డల బరువు తక్కువగా ఉన్నదని అడిగే గొంతు మాత్రం అరుదు.

ఏమి చూడాలి అంటారా? చదువు రాని తల్లి కూడా చూడగలిగినవి నాలుగు చెబుతాము.

మొదటిది తలలెక్క. రిజిస్టరులో పేర్లెన్ని, ఈ పూట పళ్ళెం ముందు కూర్చున్న బిడ్డలెందరు, వీధిలో ఉన్న బిడ్డలెందరు. ఈ మూడు అంకెలూ పక్కపక్కన వ్రాస్తే చాలు, కథంతా అందులోనే ఉంటుంది. రిజిస్టరుకూ పళ్ళేనికీ తేడా వస్తే కారణం అడగాలి. పళ్ళేనికీ వీధికీ తేడా వస్తే మన ఇండ్లలో అడగాలి.

రెండవది బరువు. బిడ్డ పుట్టిన బరువు సుమారు అయిదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావాలి. నెలనెలా తూచి ఎదుగుదల చార్టులో చుక్క పెట్టాలి. ఒక నెల చుక్క కంటే చుక్కలు కలిపిన గీత ముఖ్యం. గీత పైకి పోతుంటే సంతోషం, నేలబారుగా ఉంటే జాగ్రత్త, కిందికి దిగితే అప్పుడే లేవాలి. ఆరు నెలల నుంచి అయిదేండ్ల లోపు బిడ్డకు ఎడమ జబ్బ మధ్య చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే అది తీవ్రమైన పోషకాహార లోపం. బిడ్డ చూడను బాగున్నాడు కదా అని ఊరుకోకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మూడవది టీకాల కార్డు. పుట్టగానే వేసేవి, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసేవి, తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా, ఏడాదిన్నర ప్రాంతంలో వేసేవి. కార్డు పెట్టెలో దాచిపెట్టే వస్తువు కాదు, ప్రతి నెలా ఆరోగ్య పోషణ దినం నాడు చేతిలో ఉండవలసిన వస్తువు.

నాలుగవది బిడ్డ నోటి మాట. ఇది మన సంఘానికి ప్రత్యేకం. దూదేకుల సోదరుల ఇండ్లలో తెలుగే ఇంటిమాట. తక్కిన మన ఇండ్లలో చాలావరకు ఉర్దూ మాట్లాడతాము. అమ్మీ, అబ్బా తప్ప వేరే మాట ఎరుగని మూడేండ్ల బిడ్డ తెలుగు కేంద్రంలో నోరు మెదపకుండా కూర్చుంటే, బిడ్డ మందమతి అనుకునే ప్రమాదమున్నది. బిడ్డకు ఆకలి అని చెప్పను మాట రాదు, అంతే. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నది. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూ రెండవ అధికార భాష అయింది. బోర్డుల మీద అక్షరాల కంటే ముందు, బిడ్డతో రెండు మాటలు ఆమె భాషలో పలికే ఆయా కావాలని అడుగుదాము. తెలుగు నేర్వవద్దని మేము అనడం లేదు. ఈ నేల మీద బ్రతికే బిడ్డకు తెలుగు అన్నంతో సమానం. ఇంటిమాట మెట్టు మీద నిలబడి పైమాట అందుకుంటుందనే మా మనవి.

ఇంకొక కష్టం. తోతాపురి మామిడి కాలం వచ్చిందంటే మన జిల్లాలో తోటల్లో, గుజ్జు ఫ్యాక్టరీల్లో పని ముమ్మరం. చెనక్కాయ ఒలుపులకు, ఇండ్ల పనులకు పోయే ఆడవారూ ఉన్నారు. కేంద్రం తలుపు తీసే వేళకు తల్లి కూలికి పోయి ఉంటుంది. బిడ్డను తెచ్చి దింపేవారు ఉండరు. సరిగ్గా ఆ నెలల్లోనే హాజరు తగ్గుతుంది. దీనికి సర్కారు ఉత్తర్వు అక్కరలేదు. వీధికి ఒక అవ్వ, ఒక ఆపా పూనుకుంటే నలుగురు బిడ్డలు వేలు పట్టుకుని నడిచి వస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. చూడటం అంటే టీచరమ్మ మీద దండెత్తడం కాదు. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరు 12 నుంచి 2024 జనవరి 22 వరకు 42 రోజులు సమ్మె చేశారు. గౌరవ వేతనం పెంచమన్నారు, గ్రాట్యుటీ అడిగారు. వంట, తూకం, రిజిస్టర్లు, వాటితోపాటు 2021 నుంచి ఫోనులో పోషణ్ ట్రాకర్, ఇన్నీ ఒక మనిషి నెత్తిన ఉన్నాయి. తూకం యంత్రం చెడిపోతే ఆమె ఏమి చేస్తుంది? సరుకు ఆలస్యమైతే ఆమె ఏమి చేస్తుంది? ఉమర్ గారు గుమాస్తాను వదిలి నియమాన్ని పట్టుకున్నట్లు, మనమూ మనిషిని వదిలి లోటును పట్టుకోవాలి. కమిటీ పేరులో పర్యవేక్షణ పక్కనే సహాయం అన్న మాట ఊరకే పెట్టలేదు. కావాలని బిడ్డల తిండి దారి మళ్ళించినవారు ఎవరైనా ఉంటే, అప్పుడు మొహమాటం అక్కరలేదు. ముందు సూపర్‌వైజరుకు, తరువాత ప్రాజెక్టు ఆఫీసుకు, ఆపైన జిల్లాకు వ్రాతమూలకంగా చెప్పాలి. 2005 సమాచార హక్కు చట్టం క్రింద అడగవచ్చు. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. కాగితానికి ఉన్న బలం కేకకు లేదు.

సభ్యులారా, కార్యవర్గం తరఫున మీ ముందుంచే తీర్మానం చిన్నది.

ఒకటి, మన మహిళా సభ్యులు ఇల్లిల్లూ తిరిగి ఆరేండ్ల లోపు బిడ్డల జాబితా తయారు చేయాలి. మన బిడ్డలు మాత్రమే కాదు, వీధిలో ఉన్న ప్రతి బిడ్డా. దళితవాడ బిడ్డ పేరు వదిలేసి మన బిడ్డ పేరు వ్రాసుకుంటే అది సంక్షేమం అనిపించుకోదు. వారూ మన బిడ్డలూ ఒకే పంక్తిలో కూర్చుని తింటారు కదా.

రెండు, ప్రతి కేంద్రం కమిటీలో మన తల్లి ఒకరు చేరాలి, నెలకొకసారి తప్పక హాజరు కావాలి. పిల్లలు బడికి వెళ్ళాక కూడా ఇదే పద్ధతి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలని విద్యాహక్కు చట్టంలోనే వ్రాసి ఉంది.

మూడు, మూడు నెలలకొకసారి ఒక కాగితం మీద తలలెక్క, బరువు తగ్గిన బిడ్డల సంఖ్య, టీకాలు తప్పినవారి సంఖ్య వ్రాసి పంచాయతీకి ఇవ్వాలి. బిడ్డల పేర్లు అందులో ఉండకూడదు, సంఖ్యలే చాలు. ఎవరి బిడ్డ బక్కగా ఉన్నదో ఊరంతటికీ చాటవలసిన పని లేదు. మంచి జరిగిన చోట మంచి అని కూడా వ్రాయాలి.

నాలుగు, వచ్చే ఏడు ఈ సభలో జకాత్ లెక్కతో పాటు ఈ లెక్క కూడా చదవాలి. సంచికలో అచ్చు వేయాలి. మన లెక్క నలుగురి ముందుకు వస్తేనే ఇతరుల లెక్క అడిగే నోరు మనకు వస్తుంది.

పూతలపట్టు మీదుగా తిరుపతికి, కాణిపాకానికి పోయే బస్సులు, కార్లు రాత్రింబగళ్ళు నడుస్తూనే ఉంటాయి. ఆ రోడ్డు పక్కనే ఒక గదిలో చాప మీద కూర్చుని పళ్ళెం కోసం చూచే బిడ్డ వారికి కనబడదు. మనకు కనబడాలి. పదేండ్ల తరువాత ఈ వేదిక మీద బహుమతి అందుకోవలసిన బిడ్డ ఆ చాప మీదనే ఉన్నది.

అల్లాహ్ మన ప్రయత్నాన్ని సఫలం చేయుగాక, ఆమీన్.