ఇంటిపేరు ఆనవాలు, దస్త్రం సాక్ష్యం

 

 ‘మా పూర్వికులు ఎక్కడివాళ్ళు’ అన్న ప్రశ్న ఇప్పుడు తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల ప్రతి తెలుగింటా వినిపిస్తోంది. జవాబు కోసం అందరూ ముందు ఇంటిపేరునే పట్టుకుంటున్నారు. ఇంటిపేరు ఆనవాలు మాత్రమే, సాక్ష్యం దస్త్రంలో ఉంటుందని నా వాదన. 1888లో ఈ తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్ ఇంటిపేరు సర్వేపల్లి. అది నెల్లూరు సీమలోని ఊరి పేరు. వంశం ఎటునుంచి వచ్చిందో ఆ పేరు సూచిస్తుంది గాని, ఏ తరంలో ఎవరు వచ్చారో చెప్పదు. పైగా తమిళనాడు బడి రిజిస్టర్లలో తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్‌గా నిలిచి, ఎన్నో కుటుంబాల ఇంటిపేర్లు జారిపోయాయి. అమావాస్యనాడు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటి దగ్గర తర్పణం విడిచేవారు గోత్రంతో మూడు తరాల పేర్లు చెబుతారు. ఆ పేర్లకు ఊరూ ఉండదు, ఏడాదీ ఉండదు.

దస్త్రం పాలన వెంట నడుస్తుంది. తిరువళ్ళూరు 1997 వరకూ చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. తిరుత్తణి దారి వేరు. కార్వేటినగరం జమీందారీలో భాగమైన ఈ ప్రాంతం ఉత్తరార్కాటు జిల్లాలో ఉండి, 1911లో కొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్ళి, సరిహద్దు వివాదంపై పటాస్కర్ ఇచ్చిన తీర్పు మేరకు 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. తిరువళ్ళూరు జిల్లా 1997 నాటిది. కాబట్టి ముత్తాత పట్టా కోసం నేటి జిల్లా కచేరీలో మాత్రమే వెతికితే చాలదు. హంగేరీ మూలాలున్నవారికీ ఇదే చిక్కు. అక్కడ ప్రభుత్వ జనన మరణాల నమోదు 1895 అక్టోబరులో మొదలైంది, అంతకుముందువి చర్చి పుస్తకాలు. 1920 నాటి ట్రయనాన్ ఒప్పందంతో ఎన్నో ఊళ్ళు రుమేనియా, చెకోస్లొవేకియా, యుగోస్లావియాలకు పోయాయి. తాత పుట్టిన ఊరు ఉన్నచోటే ఉంది, దాని రికార్డు మాత్రం పరాయి దేశం చేతిలో పడింది.

శిస్తు కోసం రాసిన లెక్కలలో భూమిలేనివాళ్ళూ ఆడవాళ్ళూ కనబడరని ఒక ఆక్షేపణ. అందులో నిజముంది. ఇనాం రిజిస్టరులో మొదట దానం పొందినవారి పేరు, అప్పటి అనుభవదారు పేరు, వయసు, ఇద్దరికీ ఉన్న చుట్టరికం దొరుకుతాయి, కాని అది మాన్యమున్నవాళ్ళ కథ. అయితే ఉన్న దస్త్రం అదొక్కటే కాదు. 1860 నుంచి మద్రాసు రేవులో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు ఓడలెక్కిన కూలీల జాబితాలలో తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా రాశారు. భాగపరిష్కార దస్తావేజు తెరిస్తే అన్నదమ్ములతోపాటు మైనరు పిల్లల పేర్లు, వాళ్ళకు గార్డియనుగా నిలబడిన తల్లి పేరు బయటపడవచ్చు. ఒక కాగితంలో లేనివాళ్ళను మరో కాగితంలో వెతకడమే పరిశోధన.

వంశవృక్షాలు కులగర్వాన్ని పెంచుతాయని రెండో ఆక్షేపణ. గర్వాన్ని పెంచేది కట్టుకథ. కథలో ప్రతి మూలపురుషుడూ ఏదో ఒక రాజుకు మంత్రో దండనాయకుడో అవుతాడు. తాకట్టు దస్తావేజులో మాత్రం విత్తనాలకు అప్పుచేసిన రైతుగా కనిపిస్తాడు. ఆ రైతును ఒప్పుకోగలిగితేనే అది చరిత్ర.

అందుచేత ఈ సభ ముందు రెండు పనులు పెడుతున్నాను. మొదటిది, ప్రతి కుటుంబమూ ట్రంకుపెట్టెలోని పాత దస్తావేజులకు ఫొటోలు తీయించాలి. వంశవృక్షంలో ప్రతి పేరు పక్కన ఊరు, తాలూకా, ఏడాది, ఏ కాగితంలో చూశారో రాయాలి. ఆధారం లేనిచోట ‘పెద్దలు చెప్పినది’ అని నిజాయితీగా గుర్తుపెట్టాలి. రెండోది, మన పిల్లలకు తెలుగు చదవడం నేర్పాలి. 1960కి ముందటి తిరుత్తణి కాగితాలలో ఎన్నో తెలుగులో ఉన్నాయి. తమిళం, ఇంగ్లీషు మాత్రమే చదివిన మనవడు తన సొంత పొలం హద్దుల కోసం మరొకరిని అడగాల్సి వస్తుంది.